మోచేతి మడతల డాక్టరమ్మ

మా మేనత్తకి మనుషుల ముఖాలు గుర్తుండవు. మోచేతి మడతలు గుర్తుంటాయి.

మీరు నమ్మరని తెలుసు. నేనూ మొదట్లో నమ్మలేదు. ఆవిడ పిల్లల చర్మవ్యాధుల డాక్టరు కాబట్టి వృత్తి కొద్దీ అప్పుడప్పుడూ చూస్తుందిలే అనుకున్నాను. ఆవిడ క్లినిక్‌లో చీటీలు రాసే బల్ల దగ్గర కుదురుకున్నాక అసలు సంగతి బోధపడింది. మామూలు మనుషులు ఎవరైనా ఎదురుపడితే పలకరిస్తారు. మా అత్తయ్య ముందు ఎదుటివాళ్ళ చెయ్యి దొరకబుచ్చుకుంటుంది. చొక్కా చెయ్యి పైకి నెడుతుంది. మోచేతిని వెల్లకిలా తిప్పి, లోపలి మడతలో బొటనవేలితో ఒకసారి రాసి చూస్తుంది. అప్పుడు "బాగున్నావా?" అంటుంది. అప్పటికి వాళ్ళు బాగుండరు.

ఒకసారి ఇద్దరం బట్టల దుకాణానికి వెళ్ళాం. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన చేతులు జోడించాడు. ఆయన వెనకాల ఆయన ఆఫీసువాళ్ళు కాబోలు, వినయంగా నిలబడి ఉన్నారు.

"గుర్తుపట్టారా డాక్టర్ గారూ?"

అత్తయ్య ఆయన ముఖంలోకి ఖాళీగా చూసింది. తరవాత కోటు చెయ్యి, చొక్కా చెయ్యి కలిపి పైకి తోసింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఓరి నువ్వట్రా! ఎడమ మడతలో ఎక్కువ, కుడి మడతలో తక్కువ. బొచ్చు ఎలుగుబంటి బొమ్మని కావిలించుకుంటే తప్ప నిద్రపోయేవాడివి కాదు. దాన్ని ఉతకమంటే క్లినిక్ పైకి లేచిపోయేలా ఏడ్చావు. ఇప్పుడెలా ఉంది?"

"ఎవరండీ?"

"ఎలుగుబంటి."

వెనకాలవాళ్ళు ఒక్కసారిగా దుకాణం పైకప్పు చూడటం మొదలుపెట్టారు.

పిల్లలకి ఎగ్జిమా అనే దురద జబ్బు వస్తే కాస్త పెద్దయ్యాక మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక మడతల్లో తిష్ఠ వేస్తుంది కదా, అందుకే ఆ మడతల మీద ఆవిడకి అంత గురి. ఊరుఊరంతా ఆవిడకి 'మడతల డాక్టరమ్మ' అని పేరు పెట్టింది. ఆవిడకి ఆ సంగతి తెలుసు. చదివిన చదువుకి ఇన్నాళ్ళకి సరైన పేరు దొరికిందని సంతోషించింది కూడా.

క్లినిక్ తలుపు మీద ఒక బోర్డు ఉండేది. "లోపలికి రాగానే చేతులు పైకి మడవండి. అందరూ." ఆ 'అందరూ' కింద రెండు గీతలు. అందరూ అంటే నిజంగానే అందరూ. తల్లి, తండ్రి, అమ్మమ్మ, తోడొచ్చిన పక్కింటావిడ, కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చినతను. మెడికల్ రెప్ ఒకతను వచ్చేవాడు పాపం, మణికట్టు దగ్గర గుండీలు బిగించి, టై కట్టుకుని. లోపలికెళ్ళేటప్పుడు ఆ గుండీలు విప్పడం, బయటికొచ్చాక పెట్టుకోవడం. "ఇంకో డాక్టరు దగ్గర ఇలా లేదండీ" అని నాతో మొర పెట్టుకునేవాడు. "ఇంకో డాక్టరు మా మేనత్త కాదు కదండీ" అనేదాన్ని నేను. అంతకుమించి నాకూ జవాబు తెలీదు.

వెయిటింగ్ రూములో ఫ్యాను ఆగిపోయిందని ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఏమైందో చెబుతాను. అతను నిచ్చెన మీద రెండు మెట్లు ఎక్కాడో లేదో అత్తయ్య గదిలోంచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"దిగు. చెయ్యి చూపించు."

అతను గబగబా దిగాడు. "అమ్మా, నేనేం తియ్యలేదమ్మా! ఇప్పుడే వచ్చాను!"

"ఎవరు తీశావన్నారు? రెండో చెయ్యి కూడా." బెంచీ మీద కూర్చున్న పిల్లలందరూ మెడలు సాచి చూస్తున్నారు. అత్తయ్య తీరిగ్గా రెండు మడతలూ తడిమింది. "శుభ్రంగా ఉంది. ఎక్కు."

అతను ఫ్యాను బాగుచేసి, డబ్బు సంగతి కూడా మర్చిపోయి మెట్లు దిగిపోయాడు. వీధి చివరిదాకా పరిగెత్తి ఇచ్చొచ్చాను నేను.

"ఎలక్ట్రీషియన్ మోచెయ్యి నీకెందుకత్తయ్యా?" అని ఆ రోజు నిలదీశాను.

"అలవాటే" అంది, నా మోచెయ్యి తిప్పి చూస్తూ.

ఇంక మా ఆయన్ని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. పెళ్ళి చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానని ఇంట్లో చెప్పి, భయంభయంగా తీసుకొచ్చాను. బయట ఎండ మాడ్చేస్తోంది. అతను మణికట్టుదాకా చొక్కా వేసుకుని చెమటలు కక్కుతున్నాడు. మా నాన్న గంభీరంగా ఉద్యోగం గురించి అడగబోయాడు. ఇంతలో అత్తయ్య ఊడిపడింది. "ముందు చేతులు!" అంది. మా నాన్నవి చూసింది. మా అమ్మవి చూసింది. మా బాబాయివి చూసి, "నీది తోలు కాదురా, గోనెసంచి" అంది. అందరివీ అయ్యాక చివరికి అతని దగ్గరికొచ్చింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అతను ఒక్క క్షణం ఆగి, గుండీలు విప్పాడు. మడతల్లో చర్మం నల్లగా, మందంగా ఉంది.

"చిన్నప్పటినుంచా?"

"అవునండీ."

"తుమ్ములు, ఉబ్బసం?"

"ఉండేవండీ. ఇప్పుడు తక్కువ."

"రాత్రిళ్ళు గోకేవాడివా?"

"ఇప్పటికీ అప్పుడప్పుడు..."

అత్తయ్య మా నాన్న వైపు తిరిగింది. "అన్నయ్యా, ఇంక నువ్వేమీ అడగక్కర్లేదు. ఇంత దురదతో ఇన్నేళ్ళు బతికి ఇంత నెమ్మదిగా మాట్లాడుతున్నాడంటే, మన పిల్లనీ భరిస్తాడు."

అలా జరిగింది నా పెళ్ళి.

అత్తయ్య రోగం కనిపెట్టే పద్ధతి కూడా అందరిలాంటిది కాదు. రక్తపరీక్షలూ గిక్తపరీక్షలూ రాసేది కాదు. పరీక్ష రాయని డాక్టరు డాక్టరేనా అని కొందరు తల్లిదండ్రులు అలిగి వెళ్ళిపోయేవారు. "పుస్తకాల్లో 'ఎర్రగా ఉండును' అని రాస్తారే" అనేది నాతో. "మనవాళ్ళ ఒంటిమీద ఎరుపు అంత సులువుగా కనిపిస్తుందా? నల్లబడుతుంది, లేకపోతే బూడిదపూసినట్టు ఉంటుంది. కంటికి దొరకదు, వేలికి దొరుకుతుంది. తడమాలి. తడిమి, అడగాలి. ముందు దురద గురించి అడగాలి. దురద లేదంటే అది వేరే ఏదో." ఇదంతా చెబుతూ నా చెయ్యి తడుముతూనే ఉండేది. ఆవిడ దగ్గర పనిచేసినన్నాళ్ళూ నా మోచేతులు ఎప్పుడూ నా సొంతం కాలేదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున మెట్ల మీద పేచీ వినిపించింది.

"గజ్జి!"

"తామరమ్మా, తామర! మందుల షాపతను చెప్పాడు!"

"స్కూలువాళ్ళు చదువుకున్నవాళ్ళురా. గజ్జే!"

వాదించుకుంటూ వచ్చింది ఒక బస్సు డ్రైవరు, అతని తల్లి. వాళ్ళ మధ్యలో ఏడేళ్ళ పిల్ల. అంత ఉక్కలోనూ స్వెట్టరు వేసుకుని, దాని అంచులు అరచేతుల్లోకి లాక్కుని పట్టుకుంది. గుమ్మంలో నిలబడి ఒక కాలి పాదంతో రెండో మోకాలి వెనక రుద్దుకుంటోంది. అత్తయ్య గది తలుపు తెరిచే ఉంది. ఆవిడ ఒక్కసారి ఆ పిల్ల నిలబడ్డ తీరు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

లోపల మెడికల్ రెప్ ఉన్నాడు. అతను బ్యాగు సర్దుకుని లేవబోతే, "నువ్వు ఉండు" అంది. అప్పుడే మా ఆయన నాకు క్యారియర్ తెచ్చాడు. "అల్లుడూ, నువ్వూ రా" అని కేకేసింది. నన్నూ రమ్మంది. గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు.

"చేతులు మడవండి."

డ్రైవరు తన పొట్టి చేతుల చొక్కా చూసుకున్నాడు. "నాకు మడవడానికేం లేదండీ."

"ఉన్నదే మడువు."

అతను భుజాలదాకా మడిచాడు. ముసలావిడ గొణుక్కుంటూ మడిచింది. రెప్ తన గుండీలతో కుస్తీ మొదలుపెట్టాడు. పిల్ల మాత్రం స్వెట్టరు ఇంకా గట్టిగా పట్టుకుని గోడకి అంటుకుపోయింది.

"తియ్యి తల్లీ, డాక్టరుగారికి చూపించు" అని తండ్రి చెయ్యి వెయ్యబోయాడు.

"దాని జోలికి వెళ్ళకు. నీది ముందు" అంది అత్తయ్య. ఆ పిల్ల వైపు చూడను కూడా చూడలేదు. అందరి మడతలూ వరసగా తడుముతూ పెద్దగా వ్యాఖ్యానాలు చెప్పసాగింది. "ఈయనకి పుట్టుమచ్చ ఉంది. ఇదేమిటయ్యా, ఇంకు మరకా? మెడికల్ రెప్పువి, సబ్బు వాడవూ? పెద్దమ్మగారూ, మీది పట్టు." మా ఆయన దగ్గరికొచ్చేసరికి ఆగింది. "నా కళ్ళజోడు ఏమైంది? ఏమీ కనిపించి చావట్లేదు."

కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

"ఏమ్మా, నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా? ఈ అంకుల్‌ది ఎలా ఉందో కాస్త చూసి చెప్పు" అంది పిల్లతో.

మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపాడు. పిల్ల మెల్లగా వచ్చి చూసింది. స్వెట్టరులోంచి ఒక్క వేలు బయటికి తీసి తాకింది.

"గరుగ్గా ఉంది" అంది. తలెత్తి, "మీరూ గోక్కుంటారా?"

"మీ ఆంటీ చూడనప్పుడు" అన్నాడు మా ఆయన నన్ను చూపిస్తూ.

పిల్ల నన్ను జాలిగా, అతన్ని స్నేహంగా చూసింది. తరవాత ఎవరూ అడక్కుండానే స్వెట్టరు చేతులు పైకి లాగింది.

రెండు మడతలూ నల్లగా కమిలిపోయి, గోళ్ళ గీతలు పడి ఉన్నాయి. అత్తయ్య బొటనవేలు నేరుగా దాని మీద పెట్టింది.

"అయ్యో, గ్లౌజులు..." అంది ముసలావిడ.

"దేనికీ?" అంది అత్తయ్య, వేలు తియ్యకుండా.

ఆ పిల్ల తన చేతి మీదున్న ఆ వేలిని చూస్తూ ఉండిపోయింది. దాన్ని ఎవరైనా అలా తాకి ఎన్నాళ్ళయిందో అనిపించింది నాకు.

ఆ తరవాత ప్రశ్నలు చకచకా సాగాయి. పసిదానిగా ఉన్నప్పుడు బుగ్గల మీద పొక్కులు వచ్చేవా? వచ్చేవి. తగ్గి మళ్ళీ వస్తోందా? వస్తోంది. ఒళ్ళంతా పొడిగా ఉంటుందా? పొలుసులు రాలతాయి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా? లేదు. అత్తయ్య పిల్ల వేళ్ళ సందులు విడదీసి చూసింది. శుభ్రంగా ఉన్నాయి. "నీకు ఉబ్బసం ఉండేదా?" అని డ్రైవరుని అడిగింది; ఉబ్బసమూ ఈ దురదా ఒకే ఇంట్లో తిరుగుతాయట. చిన్నప్పుడు ఉండేదన్నాడతను, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

"పెద్దమ్మగారూ, గజ్జి అయితే ఈపాటికి ఇంటిల్లిపాదీ గోక్కుంటూ ఉండేవారు. వేళ్ళ సందుల్లో కనిపించేది. డ్రైవరుగారూ, తామర అయితే చుట్టూ అంచు కట్టి, మధ్యలో తేటగా, బిళ్ళలా ఉంటుంది. ఇది రెండూ కాదు. ఎగ్జిమా. అంటుకోదు. ఒకే పళ్ళెంలో తిన్నా అంటుకోదు, ఒకే దుప్పట్లో పడుకున్నా అంటుకోదు."

"రక్తపరీక్ష రాయండి మేడమ్" అన్నాడు డ్రైవరు. "ఏ పరీక్షా లేకుండా ఎలా..."

"చేశాను కదయ్యా ఇంతసేపూ! నువ్వూ ప్యాసయ్యావు."

"నేను రోజూ సలసలా కాగే నీళ్ళు పోసి పీచుతో రుద్దుతున్నానండీ, మురికి పోవాలని" అంది ముసలావిడ బెరుగ్గా.

"ప్రేమకొద్దీ తోలు తీస్తున్నారు. అది మురికి కాదమ్మా. ఆ చర్మంలో తడి నిలవదు. ఉన్న కాస్తా మీరు కడిగేస్తున్నారు. గోరువెచ్చటి నీళ్ళు, తడి ఆరకముందే క్రీము. మంట ఎక్కువగా ఉన్నచోట రాయడానికి మందు రాసిస్తాను, అది నేను చెప్పినన్నాళ్ళే."

ముసలావిడ మనవరాలి తల నిమిరింది. డ్రైవరు మాత్రం తేలికపడలేదు.

"పూర్తిగా ఎప్పటికి తగ్గుతుంది మేడమ్? తగ్గేదాకా స్కూలుకి పంపొద్దన్నారు."

అత్తయ్య మొదటిసారి తడబడింది. "తగ్గుతుంది. మళ్ళీ వస్తుంది. మళ్ళీ తగ్గుతుంది. పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుముఖం పడుతుంది."

పిల్ల మెల్లగా స్వెట్టరు కిందికి లాక్కుంది. "మరి నా బెంచీ?" అంది. "నన్ను తలుపు దగ్గర కుర్చీలో వేరేగా కూర్చోబెట్టారు. తరవాత అసలు రావద్దన్నారు. నా బెంచీ ఇంకెవరికన్నా ఇచ్చేస్తారా?"

"అంటుకోదని ఒక సర్టిఫికెట్ రాసిచ్చెయ్ అత్తయ్యా" అన్నాను నేను.

"సర్టిఫికెట్‌కి మోచెయ్యి ఉంటుందా?" అని లేచి చెప్పులు వేసుకుంది. "పద, తాళం వెయ్యి."

వెయిటింగ్ రూములో మిగిలినవాళ్ళకి క్షమాపణలు చెప్పడం నా వంతయింది.

పిల్లనీ, వాళ్ళ నాన్ననీ వెంటబెట్టుకుని అత్తయ్యా నేనూ స్కూలుకి వెళ్ళాం. ప్రిన్సిపల్ గారు చెడ్డావిడేం కాదు. మెడదాకా, మణికట్టుదాకా గుండీలున్న దుస్తులు వేసుకుని, నిటారుగా కూర్చుని ఉంది. "నా ఇబ్బంది కూడా చూడండి డాక్టర్ గారూ. తల్లిదండ్రులు ఫోన్లు చేసి నన్ను కాల్చుకు తింటున్నారు. మీరు కాగితం ఇచ్చి వెళ్ళండి, నేను ఆలోచిస్తాను."

"నాకు ఒక్కసారి ఆ క్లాసు చూపించండి" అంది అత్తయ్య. అప్పటికే నడవలోకి వెళ్ళిపోయింది. మేమంతా వెనకాల పరిగెత్తాం, ప్రిన్సిపల్ గారితో సహా.

క్లాసులోకి వెళ్తూనే, "అందరూ చేతులు మడవండి!" అంది. చదువు ఆగిపోతే పిల్లలు ఏమన్నా మడుస్తారు. గోలగోలగా మడిచారు. "ఇవాళ మడతల పరీక్ష. నాకు కళ్ళజోడు సరిగా లేదు. ఈ చిన్న డాక్టరు పరీక్ష చేస్తుంది" అని మన పిల్లని ముందుకి తోసింది.

ముందు ఎవరూ కదల్లేదు. అప్పుడు కిటికీ పక్క బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచింది. "ముందు నాది చూడవే!" అని చెయ్యి చాపింది. పాత బెంచీ జోడీ అని నాకు వెంటనే తెలిసిపోయింది.

ఇంక ఆగలేదు. నాది, నాది అని తోసుకున్నారు. ఒకడి మడతలో నిన్నటి చాక్లెట్ దొరికింది. ఒకత్తెకి ఏమీ లేదని తేలితే ఏడుపు మొహం పెట్టింది. చిన్న డాక్టరు స్వెట్టరు ఎప్పుడు విప్పిందో నేను చూడలేదు. అది టీచరు కుర్చీ మీద పడి ఉంది. చేతులు అందరి కళ్ళముందూ ఉన్నాయి. ఒకడు ఆ నల్లటి మడతలు చూసి, "నొప్పా?" అనడిగాడు. "కాదు, దురద. అంటుకోదు" అంది. "ఓహో" అని వాడు తన మోకాలి దెబ్బ చూపించడం మొదలుపెట్టాడు.

"అందరివీ అయ్యాయా?" అంది అత్తయ్య, గది పైకప్పు వైపు చూస్తూ.

క్లాసంతా తలలు తిప్పి ప్రిన్సిపల్ గారి వైపు చూసింది.

ప్రిన్సిపల్ గారు అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య ఇంకా పైకప్పే చూస్తోంది. ప్రిన్సిపల్ గారు మణికట్టు గుండీ మీద చెయ్యి వేసింది. అది ఊడిరాలేదు. టీచరు సాయపడింది. చివరికి ఆ చెయ్యి మోచేతిపైదాకా బయటికొచ్చింది. స్కూల్లో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. పిల్లలు ఊపిరి బిగబట్టారు. చిన్న డాక్టరు వెనక్కి తగ్గింది.

"ఏం, నాది చూడవా?" అంది ప్రిన్సిపల్ గారు.

పిల్ల దగ్గరికెళ్ళి, మడతలో బొటనవేలు పెట్టి, అచ్చం మా అత్తయ్యలా ఒకసారి రాసింది.

"గరుకు లేదు మేడమ్. కానీ పొడిగా ఉంది. స్నానం అవగానే తడి ఆరకముందే క్రీము రాయాలి."

"రోజూనా?"

"రోజూ."

"సరే" అంది ప్రిన్సిపల్ గారు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పిల్ల వేలు అక్కడే ఉండగా, క్లాసంతా వినేలా, "ఇంక వెళ్ళి నీ బెంచీలో కూర్చో" అంది.

రెండు జడల పిల్ల అప్పటికే జరిగి చోటిచ్చేసింది. గుమ్మంలో డ్రైవరు ముక్కు ఎగబీల్చాడు. ఉబ్బసం కాదు.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి స్కూల్లో జరిగిందంతా చెప్పి, "అంటే ఆవిడ అందరి చేతులూ చూసేది రోగం కోసం కాదన్నమాట! ఒక్క పిల్లే అందరిముందూ చెయ్యి చూపించాల్సి రాకూడదని!" అన్నాను, నేనేదో కనిపెట్టినట్టు.

ఆయన నవ్వాడు. "నీకు ఇప్పుడు తెలిసిందా? మీ ఇంటికొచ్చిన రోజు మీ అత్తయ్య నాది ఒక్కడిదే అడిగుంటే, నేను ఆ గుమ్మంలోంచే పారిపోయేవాణ్ణి. మీ బాబాయిది గోనెసంచి అనగానే ధైర్యం వచ్చింది."

అప్పుడు గుర్తొచ్చింది. ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఎక్కిన రోజున బెంచీ చివర పొడుగు చేతుల చొక్కాలో ఒక పిల్లాడు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. అతని చేతులు చూశాక వాడూ గుండీలు విప్పుకున్నాడు. నేను ఆ బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాసుకుంటూ అది చూశాను, కానీ పట్టించుకోలేదు.

మర్నాడు అత్తయ్యని అడిగేశాను. ఆవిడ మండిపడింది. "ఏం కాదు! నాకు ముఖాలు గుర్తుండవు, అంతే. పెద్ద కనిపెట్టొచ్చింది. చెయ్యి ఇలా తే."

కొన్నాళ్ళకి ఆ పిల్ల మళ్ళీ క్లినిక్‌కి వచ్చింది. చేతుల్లేని గౌను వేసుకుంది. మడతలు చాలావరకు నెమ్మదించాయి. తలుపు మీది బోర్డు కూడబలుక్కుని చదివి, 'అందరూ' దగ్గర ఆగి ఆలోచించింది. తిన్నగా లోపలికెళ్ళి అత్తయ్య ముందు నిలబడింది.

"మీవి మడవలేదేం?" అంది.

అత్తయ్య తన తెల్లకోటు చేతుల వైపు చూసుకుంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడని అడిగినవాళ్ళు లేరు. మెడికల్ రెప్ ఆనందం పట్టలేక బ్యాగు కింద పడేసుకున్నాడు. అత్తయ్య తెల్లకోటు గుండీలు విప్పి, రెండు చేతులూ బుద్ధిగా చాపింది.

పిల్ల తీరిగ్గా రెండు మడతలూ తడిమి చూసింది.

"శుభ్రంగా ఉంది" అంది. "కూర్చోండి."